నాన్న పాదానికి కొలత

ఆ పొద్దున కూడా జిమ్‌లో ట్రైనర్ బూట్ల మాస్టారు ఒక పెద్దమనిషిని వాయించేస్తున్నాడు.

"పరుగుకి వేసుకునే మెత్తటి షూస్‌తో బరువులెత్తుతారా? మడమ ఊగిందంటే నడుం పట్టేస్తుంది! దీనికి సోల్ గట్టిగా ఉండాలి. నడకకి వేరు, షటిల్‌కి వేరు. ముందు కాగితం మీద నిలబడండి."

కొత్తగా చేరినవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, పాదం చుట్టూ పెన్సిలు గీసి చూడందే మొదలుపెట్టనివ్వడు. అదో పిచ్చి అతనికి. అందుకే ఆ పేరు.

ఇంతలో అతనికి వాళ్ళక్క దగ్గర్నించి ఫోన్. "వెంటనే ఇంటికి రా. నాన్న సాక్సు రక్తంతో తడిసిపోయింది!"

నాన్నకి ఏళ్ళ తరబడి షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. కొడుకు వాడి పడేసిన బూట్లు వేసుకుని రోజూ పార్కులో నడిచేవారు. అవేమో బరువులెత్తడానికి చేసినవి, చెక్కలాంటి సోల్, ముందంతా ఇరుకు. బొటనవేలు ఎప్పుడు ఒరుసుకుపోయిందో, ఎప్పుడు చీము పట్టిందో ఆయనకే తెలీదు. డాక్టరు వేలు తీసేశాడు. గాయం మానకపోతే పాదమే పోతుందన్నాడు.

ఆస్పత్రి వరండాలో అక్క తమ్ముణ్ణి నిలదీసింది. "ఊళ్ళోవాళ్ళందరి కాళ్ళూ కొలుస్తావే, ఇంట్లో కాళ్ళు కనబడలేదా నీకు?"

"నాకేం తెలుసక్కా? ఇరుకుగా ఉన్నాయని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పారు. నా ఎదురుగానే చెప్పారు, బిగుతుగా ఉన్నాయిరా అని." అక్క అతని చేతిలో ఫోన్ వైపు వేలు చూపించింది. "నువ్వు ఫోన్‌లోంచి తలెత్తకుండా ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. 'వేసుకుంటుంటే అవే సాగుతాయిలే నాన్నా' అన్నాడు. అదే మాట జిమ్‌లో ఎవరైనా అంటే ఇంతెత్తున లేచేవాడు. ఏం మనిషిని నేను, అనుకుంటూ గోడకి చేరగిలబడిపోయాడు.

చాలా రోజులకి గాయం మానింది. పాదం దక్కింది. ఇక మెల్లగా నడవొచ్చని డాక్టరు చెప్పిన రోజే, అతను నాన్న కాళ్ళ దగ్గర కాగితం పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్క ఆయన భుజం పట్టుకుని నిలబెట్టింది.

పెన్సిలు మడమ చుట్టూ తిరిగి, చిటికెనవేలు దాటి, ఒక్కొక్క వేలే చుట్టుకుంటూ వచ్చింది. బొటనవేలు ఉండాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది.

"ఆగావేంరా? ఉన్నంత వరకే గియ్యి" అన్నారు నాన్న.

"తప్పయిపోయింది నాన్నా."

"నాదీ ఉందిలేరా. నీ బూట్లని మురిసిపోయి, విప్పబుద్ధి కాలేదు."

అతను తల వంచుకుని ఏడ్చాడు. కన్నీళ్ళు టపటపా ఆ పాదం మీదే పడ్డాయి. "అయిందా?" అని అడిగారు నాన్న. ఆ తడి ఆయనకి తెలియలేదు.