నేల ఎక్కడికీ పోదు

అమ్మ తలుపుకు తాళం వేసింది. గ్యాస్ ఆపారా అని ఎవరూ అడగలేదు. తాతయ్య పోయి నెల కావస్తోంది. ఆ ప్రశ్న కూడా ఆయనతోనే పోయింది.

సభలో చెప్పాల్సిన మాటలు రాసుకున్న కాగితం పట్టుకుని మెట్లు దిగుతోంది మనవరాలు పిచ్చుక. ఆ పేరు తాతయ్య పెట్టిందే.

"మెట్లు చూసుకుని దిగవే. ఆ కాగితం నలిపేస్తున్నావు," అంది అమ్మ. "మాటలన్నీ నోటికి వచ్చేశాయిగా?"

"వచ్చేశాయి."

అక్కడే చిక్కు. కాగితంలో ఉన్నది నిజం కాదు.

తాతయ్య విమానాలు నడిపి రిటైరైన మనిషి. ఇంటికి వచ్చే పిల్లలు చూసింది మాత్రం కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతయ్యను. పోయిన వారం క్లాసులో ఆయన మాట వస్తే తోటి పిల్లాడు బఠాణీ ఊరుకోలేదు.

"కళ్ళజోడే కనపడేది కాదు, రన్‌వే ఎలా కనపడేదో," అన్నాడు.

అందరూ నవ్వారు. పిచ్చుకకు తల కొట్టేసినట్టయింది.

"ఇంజిన్ మండుతుంటే ఒంటిచేత్తో విమానం దించాడు మా తాతయ్య. తెలుసా?" అనేసింది.

నవ్వు ఆగింది. మాట టీచర్ చెవిన పడింది. తాతయ్యను తలుచుకోవడానికి ఆయన స్నేహితులు సభ పెడుతున్నారని టీచర్‌కు తెలుసు. "అక్కడ ఇది నువ్వే చెప్పాలి. మేమందరం వస్తాం," అంది.

వచ్చారు కూడా. హాల్లో వెనక వరుసలో క్లాసు పిల్లలు కూర్చున్నారు. ముందు వరుసలో తాతయ్యతో కలిసి ఎగిరినవాళ్ళు. ఇంజిన్ మండిందో లేదో వాళ్ళకు తెలియదా? చెబితే తాతయ్య పరువు పోతుంది, చెప్పకపోతే తన పరువు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తెల్లజుట్టు ఆవిడ ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. "తాతయ్య పక్క సీట్లో కూర్చుని విమానం నడిపిన ఆంటీ," అని అమ్మ చెప్పింది.

"పిచ్చుకంటే నువ్వేనా? ఫోన్ చేస్తే నీ కబుర్లే చెప్పేవారు," అంది ఆంటీ.

పిచ్చుక ఆమె వైపు జరిగింది. "ఆంటీ, తాతయ్యకి ప్రమాదాలేమైనా..."

"ఒక్కటీ లేదమ్మా. ఆయనతో ప్రయాణమంటే చప్పగా ఉండేది. ఆయన గొప్పంతా అదే." ఆంటీ నవ్వింది. "ఒకసారి మాత్రం దిగబోయి మళ్ళీ పైకి లేచాం. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. గాలి పక్కకి నెట్టేస్తోంది. చక్రాలు ఇంకాస్తలో నేలకి తగులుతాయనగా నాకు తేడాగా అనిపించింది. 'గో అరౌండ్' అన్నాను. అంటే దిగడం ఆపి పైకి లేపమని. ఆయన ఎందుకని అడగలేదు. లేపేశారు."

"లోపలున్నవాళ్ళు తిట్టలేదా?"

"తిట్టకుండా ఉంటారా? చివరికి దిగాక ఒకాయన, 'మొదటిసారి బ్రేకు దొరకలేదా?' అన్నాడు. మీ తాతయ్య, 'అది రిహార్సలండీ' అన్నారు. నాతో మాత్రం, 'మంచి పని చేశావు. సరిగ్గా లేదనిపిస్తే మళ్ళీ లేవడమే. నేల ఎక్కడికీ పోదు' అన్నారు."

అంతలో మైకులో మనవరాలిని పిలిచారు.

పిచ్చుక మైకు దగ్గరికి వెళ్ళి కాగితం విప్పింది. టీచర్ చెప్పమన్నట్టు తలూపింది.

"మా తాతయ్యకి చాలా ధైర్యం. ఒకరోజు ఆయన విమానం ఇంజిన్‌కి..."

ఎవరో దగ్గారు. ఇంకొక్క మాట అంటే ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు.

"గో అరౌండ్," అంది పిచ్చుక.

టీచర్‌కు అర్థం కాలేదు. ముందు వరుస మాత్రం కుర్చీల్లో నిటారుగా సర్దుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పిచ్చుక కాగితం మడిచింది. "మళ్ళీ మొదలుపెడతాను. ఇంజిన్ మండలేదు. క్లాసులో చెప్పింది నేను కల్పించాను. సారీ టీచర్."

వెనక గుసగుసలు లేచాయి. పిచ్చుక అటు చూడకుండా మాట్లాడింది.

"తాతయ్య కళ్ళజోడు వెతుక్కునేవాడు. అది నిజమే. కానీ ఇల్లు దాటేముందు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కటే అడిగేవాడు, నేను జవాబు చెప్పాలి. విమానంలో కూడా అంతేనట. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. 'అన్నీ చూశాంలే, పద తాతయ్యా' అంటే కదిలేవాడు కాదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అడగట్లేదు."

తాతయ్య అడిగినట్టే అడిగింది.

"గ్యాస్?"

"ఆఫ్," అంది ఆంటీ.

"కిటికీలు?"

"మూశాం," అంది ముందు వరుస మొత్తం.

"తాళంచెవి?"

అమ్మ బ్యాగు తడుముకుంది. "ఉంది," అంది.

"కళ్ళజోడు?"

దీనికి జవాబు ముందు వరుసకు తెలియదు. వెనక వరుసలో బఠాణీ లేచి నిలబడ్డాడు.

"నెత్తిమీద," అన్నాడు.