చిలుము పట్టిన జల్లెడ

"మా ఆయన నన్ను చంపేస్తాడండీ," అందామె, కుర్చీ అంచున కూర్చుని.

సముద్రంలో లోతుకు దిగి ఈదే స్కూబా డైవింగ్ నేర్పే టీచరమ్మ ఆవిడ. ఆ మాటను టైపిస్టు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఒకప్పుడు టైపు కొట్టి బతికిన అతను ఇప్పుడు అద్దాలమ్మకు సహాయకుడు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడే ఆ ప్రైవేట్ డిటెక్టివ్‌కు ఆ పేరే స్థిరపడింది.

"రెండుసార్లు ఇరవై మీటర్ల లోతులో గాలి ఆగిపోయింది. పీలిస్తే రాదు. ఒడ్డుకొచ్చి చూస్తే బాగానే ఉంటుంది. సిలిండర్ గాలిని నోటికందించే నా రెగ్యులేటర్ కడిగేది ఆయనొక్కడే. రేపు మళ్లీ దిగాలి."

"మీరంటే గిట్టనివాళ్లు?" అడిగింది అద్దాలమ్మ.

"పోయిన నెల ఓ శిష్యుడు మునిగి చనిపోయాడు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, పాడైన సామాను తగిలించి పంపడం కళ్లారా చూశాను. సోమవారం విచారణలో చెప్పాలి, అది ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకి అన్నంటే ప్రాణం."

గంటలో ముగ్గురూ ఆమె పాఠాలు చెప్పే డైవింగ్ బడి షెడ్డులో ఉన్నారు. రెగ్యులేటర్‌లో, సిలిండర్‌కు బిగించే లోహపు దిమ్మలో గాలిని వడగట్టే చిన్న జల్లెడ ఉంటుంది. అద్దాలమ్మ ఆరు రెగ్యులేటర్లు విప్పించింది. అయిదు జల్లెడలు తళతళ మెరిశాయి. టీచరమ్మది మాత్రం చిలుము పట్టి ఆకుపచ్చగా ఉంది.

"సిలిండర్ తుప్పయితే ఎర్రగా ఉండేది. దీన్లోకి నీళ్లెళ్లాయి."

"కడిగేటప్పుడు దిమ్మకు మూత సరిగ్గా పెట్టలేదేమోనండీ?" అన్నాడు టైపిస్టు.

"మూత బిర్రుగానే ఉంది. నీ బుర్రలా వదులు కాదు."

దిమ్మకు కట్టిన చీటీ మీద "విప్పి చూశాను, బాగుంది" అని ఉంది. వారం కిందటి తేదీ, బావగారి సంతకం. సామాను కడిగే తొట్టిలో అద్దాలమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉంది.

సాయంత్రం టీచరమ్మ ఎదుటే అన్నదమ్ములిద్దర్నీ ఆ తొట్టి దగ్గరికే పిలిచింది.

"మీ ఆవిడ రెగ్యులేటర్ ఎలా కడుగుతారో చూపించండి."

తమ్ముడు మూత బిగించాడు, నీళ్లలో ముంచాడు, నోటి ముక్క మీద గాలి వదిలే బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టాడు.

"ఇప్పుడు మీరు, మీది."

అన్న కూడా మూత పెట్టి ముంచాడు. వేలు మాత్రం బటన్ దరిదాపులకు పోలేదు.

"మీరెందుకు నొక్కలేదు?"

తమ్ముడు తెల్లబోయాడు. "నువ్వేగా అన్నయ్యా చెప్పావు, నొక్కితేనే లోపలి ఉప్పు పోతుందని!"

"ఎప్పుడు చెప్పారు?" అంది అద్దాలమ్మ.

"ఆ శిష్యుడు చనిపోయిన వారంలోనే."

"గాలి ఒత్తిడి లేనప్పుడు నొక్కితే, గొట్టం వెంట ఈ ఉప్పునీళ్లు పైకెక్కి దిమ్మలోకి పోతాయి. జల్లెడ చిలుము పట్టి మూసుకుపోతుంది. ఒడ్డున తెలియదు. లోతుకెళ్లి గట్టిగా పీలిస్తే గాలి చాలదు."

"మాట చెప్పడం నేరమా? వాడే తప్పుగా విన్నాడేమో!" అన్నాడు అన్న.

"వారం కిందట ఈ చిలుము చూసి మూసేసి, బాగుందని రాసింది మీ చెయ్యే. చావు మీరు నేర్పారు, చేతులు తమ్ముడివి." ఆమె కనుసైగతో టైపిస్టు పోలీసులకు ఫోన్ చేశాడు.

తమ్ముడు భార్య వైపు తిరిగాడు. "నేనే చంపుతున్నాననుకున్నావా?"

ఆమె నీళ్లలోంచి అతని చెయ్యి బయటికి లాగింది. బొటనవేలు ఇంకా బటన్ మీదే బిగుసుకుపోయి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టి, మెల్లగా విడదీసింది.