గోడ డాక్టరుగారి కాగితాలు

ఏమర్రా, గోడకి మేకు కొట్టే ముందు నేను వేలితో ఎందుకు తట్టి చూస్తానో ఎవరైనా చెప్పగలరా?

తెలీదూ? అయితే ఆ సుత్తి పక్కన పెట్టి ఇలా వచ్చి కూర్చోండి. గడియారం కాసేపు కింద ఉంటే దానికేం కాదు. ఇది నాతోపాటు బడిలో పనిచేసిన సైన్సు టీచరుకి జరిగింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెబుతాను. నా సొంతం ఏమీ కలపను.

వాళ్ల ఊళ్లో గూడ్సు షెడ్ల వెనక పాత అంటురోగాల ఆస్పత్రి ఒకటుండేది. అటూ ఇటూ గదులు, మధ్యలో పొడుగాటి నడవ, నడవ చివర ఒక గోడ. చీకటి పడితే ఆ ఆస్పత్రి సందులో ఎవరూ నడిచేవారు కాదు. చుట్టూ తిరిగైనా సరే, పెద్దరోడ్డు మీదుగానే ఇల్లు చేరేవారు. ఎందుకంటే... లోపలి నుంచి చప్పుడు. టక్... టక్... కాస్త ఆగి, మళ్లీ టక్.

తలుపు తట్టినట్టు కాదు. గోడ తట్టినట్టు.

ఒకప్పుడైతే ఆ తట్టేది ఎవరో ఊరంతటికీ తెలుసు. టీచరుగారి నాన్న. ఆయన ఆ ఆస్పత్రి ముందు గదిలో కూర్చుని వైద్యం చేసేవాడు. కానీ ఆయన పోయాక కూడా చప్పుడు ఆగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ డాక్టరుగారికి ఒక పిచ్చి. ఊరి చరిత్ర రాయాలని. ముసలివాళ్లు దగ్గుకి మందు కోసం వస్తే, ఛాతీ మీద గొట్టం పెట్టి, "ఊపిరి పీల్చు" అని, ఆ తర్వాత "మీ చిన్నప్పుడు ఈ సందు చివర ఏముండేది?" అని అడిగేవాడట. పాపం, వాళ్లు పీల్చిన ఊపిరి బిగబట్టుకుని కళ్లు తేలేసేవారు. ఈయనేమో మందుచీటీ వెనక గబగబా రాసుకుంటూ "వదులు" అనడం మర్చిపోయేవాడు. ఆయన చెబితేగానీ వాళ్లు వదిలేవారు కాదు. డాక్టరంటే అంత భయం, అంత గౌరవం. చివరికి కూతురే గుమ్మంలోంచి కేకేసేది — "నాన్నా, వదలమను" అని.

అలా పోగైన చీటీల్లోనే ఒక సంగతి బయటపడింది. ఎప్పుడో ఊళ్లో అంటువ్యాధి ప్రబలినప్పుడు, నడవ చివర ఇంకో గది ఉండేదట. రోగులు లోపల ఉండగానే దాన్ని ఇటుకలతో మూసేశారట. "అందరూ నయమై ఇళ్లకెళ్లారు" అని ఊరికి చెప్పారు. ఎవరింటికీ ఎవరూ రాలేదు. వేరే వేరే ఇళ్ల ముసలమ్మలు, ఒకరికొకరు తెలియనివాళ్లు, అందరూ ఇదే చెప్పారు.

డాక్టరుగారు ఆ గోడ దగ్గరికెళ్లి ఛాతీని తట్టినట్టు తట్టాడు.

ఛాతీని తట్టడం అంటే ఇదిగో, ఇలా. ఎడమచేతి వేలు ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో కొడతారు. లోపల గాలి ఉంటే ఖాళీ డబ్బాలా మోగుతుంది. నీరుగానీ చీముగానీ నిండితే నిండు బిందె మీద కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. అర్థమైందా? డబ్బాలా మోగితే బోలు. మొద్దుగా ఉంటే గట్టిదైనా కావాలి, నిండిందైనా కావాలి.

గోడ బోలుగా మోగింది. మోగినంత మేరా ఆయన సుద్దముక్కతో గీత గీశాడు. పగలగొట్టించండని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎవరూ వినలేదు. "గోడ డాక్టరు" అని పేరు పెట్టారు. గోడకి వైద్యం చేసేవాడి దగ్గరికి మనుషులేం వెళతారు? రోగులు మానేశారు. ఆ అవమానంతోనే పోయాడాయన.

ఆయన కాగితాలన్నీ పెద్ద గ్రంథాలయం వాళ్లు భద్రపరుస్తామన్నారు. తెల్లారితే వాళ్ల బండి వస్తుంది. బడి అయ్యాక టీచరు, ఆవిడ తమ్ముడు టార్చి లైటు పట్టుకుని సర్దడానికి వెళ్లారు. అక్కడ కరెంటు ఎప్పుడో తీసేశారు.

"దెయ్యం పడితే నిన్నే పట్టాలక్కా," అన్నాడు తమ్ముడు తాళం తీస్తూ. "నాకు రేపు ఆఫీసుంది."

"దానికీ కాస్త బుద్ధి ఉంటుందిలేరా. నిన్ను పట్టుకుని ఏం చేసుకుంటుంది?"

బీరువాలో కట్టలన్నీ పెట్టెలకెత్తారు. చివర ఒకటి మిగిలింది. పైన నాన్న చేతిరాత... "గోడ".

తమ్ముడు దాన్ని పక్కకి లాగేశాడు. "ఇది వద్దక్కా. ఇప్పటికీ ఆఫీసులో నన్ను గోడ డాక్టరు కొడుకు అంటారు. ఇది అందరూ చదివితే నా పిల్లల్నీ అంటారు."

"ఇది తీసేస్తే నాన్న పిచ్చివాడని మనమే ఒప్పుకున్నట్టు కదరా."

అప్పుడు వినబడింది.

టక్... టక్...

తమ్ముడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. లైటు నడవలోకి తిరిగింది... పక్క గదిలోకి... అక్కడ ఒక ఖాళీ రేకుపెట్టె. దాని మూత మీద, మేడ మీది తొట్టి నుంచి ఒక్కో చుక్క పడుతోంది.

టక్.

తమ్ముడు పెట్టెని కాలితో పక్కకి తోశాడు. చప్పుడు ఆగిపోయింది. ఇద్దరికీ నవ్వాగలేదు. "ఊరు ఊరంతా ఒక రేకుపెట్టెకి జడిసిందక్కా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆ నవ్వుతో టీచరుకి ధైర్యం వచ్చింది. బల్ల మీదున్న నాన్న గొట్టం తీసి మెడలో వేసుకుంది. "రారా. గోడ తట్టి చూద్దాం. బోలుగా మోగితే ఆ కట్ట పెట్టెలోకి వెళ్తుంది. మొద్దుగా ఉంటే నువ్వన్నట్టే తీసేద్దాం. సరేనా?"

"సరే," అన్నాడు. కట్ట చంకలో పెట్టుకుని వెనకాలే నడిచాడు.

నడవ చివర సుద్దగీత చెక్కుచెదరలేదు. ముందుగా గీతకి బయట తట్టింది. మొద్దుగా ఉంది. గట్టిగోడ, అలాగే ఉండాలి. తర్వాత గీత లోపల.

మొద్దుగా ఉంది.

ఇంకాస్త కింద. మొద్దు. పక్కన. మొద్దు. ఎక్కడా బోలు లేదు.

చీకట్లో ఆవిడ వెంటనే తల తిప్పలేకపోయిందట. నాన్న తప్పు రాశాడా? ఆయన చెవి అంత మోసం చేసిందా? తమ్ముడు కూడా దెప్పలేదు. "పోనీలే అక్కా," అని మెల్లగా అని, అలసటగా గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది. నాన్న తట్టడంతో ఎప్పుడూ ఆపేవాడు కాదు. మొద్దుగా మోగితే... నిండిందేమోనని... గొట్టం పెట్టి వినేవాడు.

గొట్టం చెవుల్లో పెట్టుకుంది. బిళ్ల గోడకి ఆనించింది. చిన్నప్పటి నుంచీ వేలసార్లు విన్న మాట కదా, అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది, అచ్చం ఆయన గొంతుతో.

"ఊపిరి పీల్చు."

గోడ వెనక... పీల్చారు.

ఒక్కరు కాదు. చాలామంది. పెద్ద ఊపిరులు, మధ్యలో సన్నగా పిల్లల ఊపిరులు... అన్నీ ఒక్కసారిగా. పొడుగ్గా. తడిగా.

"అక్కా," తమ్ముడు గుసగుసలాడాడు. "నా చెయ్యి... గోడ ఉబ్బుతోందక్కా."

తర్వాత నిశ్శబ్దం. పీల్చింది వదులుతారని ఆవిడ ఎదురుచూసింది. ఎంతసేపటికీ వదల్లేదు. అప్పుడు ఆవిడకి అర్థమైంది... వాళ్లు కూడా ఎదురుచూస్తున్నారు.

ఒక్క మాట. అది చెబితే చాలు. నోరు తెరిచింది. ఈలోగా తమ్ముడు రెక్క పట్టుకుని లాక్కొచ్చేశాడు. వీధి దీపం కిందికి వచ్చేదాకా ఇద్దరూ ఆగలేదు. చూస్తే, కట్ట వాడి గుండెలకి హత్తుకునే ఉంది.

తెల్లారి బండి వస్తే, దాన్ని అన్నిటికన్నా పై పెట్టెలో పెట్టి తాడు బిగించింది తమ్ముడే.

ఆ గోడ సంగతా? ఎవరూ ముట్టుకోలేదు. నడవకి ఇప్పుడు పెద్ద తాళం.

"మరి 'వదులు' అని ఎవరూ చెప్పలేదా నానమ్మా?"

చెప్పలేదు. ఆవిడ ఒకటికి రెండుసార్లు ఆ సందు మొదలుదాకా వెళ్లొచ్చిందట. లోపలికి కాళ్లు పడలేదు. ఈమధ్య నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఛాతీ కదలదు. నేను భుజం తట్టి "వదులమ్మా" అంటేగానీ తేరుకోదు.

సరే, లేవండి. ఆ సుత్తి ఇలా ఇవ్వు, మేకు నువ్వు పట్టుకో. గడియారం అలా నేల మీదే ఉండిపోయింది. ముందు తట్టి చూస్తానుండు...

నేను తట్టేటప్పుడు మాత్రం మీలో ఎవరూ ఏమీ అనకండి.