ఇండెక్స్‌లో దొరికిన సన్నజాజి

సాతంరాయి దగ్గర హైవే పక్కన ఏజెంట్ జీవన్‌ను కాల్చి చంపారు. ప్రాణం పోయేముందు అతడు హెడ్‌క్వార్టర్స్‌కు ఒక ఫోటో, ఒక వాయిస్ క్లిప్ పంపాడు. తెల్లారేసరికి ఫోటో ఫోటోల ఇండెక్స్‌లోకి, గొంతు ఆడియో ఇండెక్స్‌లోకి చేరాయి. ఆ రెంటినీ ఎవరూ కలిపి చూడలేదు.

"రావిర్యాల ల్యాబ్ నుంచి రాడార్ చిప్ డిజైన్ పోయింది," చీఫ్ అనంతయ్య ఫోన్‌లో చెప్పాడు. "కొరియర్ కోడ్‌నేమ్ సన్నజాజి. మధ్యాహ్నం ఫ్లైట్‌లో దాటిస్తారు. మనిషిని నిర్మల చూపిస్తుంది."

కళ్యాణికి కాలు నిలవలేదు. నిఘా ఏజెన్సీ ఫైళ్లను వెతికే సెర్చ్ ఇంజిన్ కట్టింది ఆమే. జీవన్ ఆమె బ్యాచ్‌మేట్. శంషాబాద్ వైపు పరుగెత్తే క్యాబ్‌లోనే లాప్‌టాప్ తెరిచింది.

పక్కన నిర్మల. విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్.

"ఏం వెతుకుతున్నవ్ అక్కా?"

"మెయిల్ చూస్తున్న."

ఫోటోలో పొట్లం అందుకుంటున్న ఒక చెయ్యి తప్ప మొహం లేదు. క్లిప్‌లో ఎవడో మగవాడి గొంతు: "సన్నజాజికి ఇచ్చిన, రాజేంద్రనగర్‌ల." ఇన్నాళ్లూ సమయం, చోటు అన్నీ ఇండెక్స్‌లో వట్టి అక్షరాలుగానే ఉన్నాయి. అక్షరాలకు దగ్గరా దూరమూ తెలియదు. కళ్యాణి గొంతును మాటలుగా మార్చింది. ఫోటో తీసిన సమయాన్ని సమయంగా, చోటును మ్యాప్ మీద బిందువుగా పెట్టింది. ఏజెన్సీ వాళ్ల ఫోన్ల లొకేషన్లు కూడా కలిపి రీ-ఇండెక్స్ నొక్కింది. పని ఎంతయిందో చూపే పట్టీ తెర మీద చీమలా కదులుతోంది.

డిపార్చర్ లాంజ్‌లోకి వచ్చినా పని పూర్తి కాలేదు. బోర్డింగ్ మొదలైంది.

"గదిగో, గ్రే సూట్," నిర్మల గుసగుసలాడింది. "ఆయనే. ఆ చివర కూసున్నడు. జల్ది పో."

కళ్యాణి నాలుగడుగులు వేసింది. అరచేతిలో లాప్‌టాప్ వేడెక్కుతోంది. పట్టీ నిండింది. సెర్చ్ కొట్టింది: సన్నజాజి, ఆ సమయం, ఆ చోటు.

ఆ వేళ అక్కడున్న ఫోన్లలో జీవన్‌ది కాక ఒకే పేరు వచ్చింది. నిర్మల.

వెనక్కి తిరిగింది. నిర్మల బోర్డింగ్ పాస్ చూపించి, విమానంలోకి దారితీసే ఏరోబ్రిడ్జ్ వైపు అడుగేస్తోంది.

"యాదగిరీ, చక్రం విరిగింది," కళ్యాణి మైక్‌లో సంకేతం చెప్పింది.

ట్రాలీలు తోసేవాడి వేషంలో ఉన్న యాదగిరి తన ట్రాలీల వరుసను గేటుకు అడ్డంగా తోశాడు. నిర్మల తడబడింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపే కళ్యాణి ఆ మణికట్టు పట్టుకుంది. బ్యాగ్‌లో లిప్‌స్టిక్, దాని అడుగున మెమరీ కార్డ్.

"జీవన్ నిన్ను సొంత చెల్లె లెక్క చూసిండు," కళ్యాణి కార్డును బయటికి తీసింది.

"అందుకే దగ్గరికి రానిచ్చిండు," నిర్మల తల వంచుకుంది.

సాయంత్రం చీఫ్ అడిగాడు: "ఇండెక్స్‌లో నిర్మలను ఎక్కడ పెట్టావ్? మనవాళ్లలోనా, వాళ్లలోనా?"

"రెండింట్ల పెట్టిన సార్. రెండు దిక్కులా పనిచేసిన మనిషి గద, ఒక దిక్కే పెడితే చిన్నబుచ్చుకుంటది."