దంతాలపల్లి రీలు

తీసిన ఫొటో ఎక్కడ కనపడుతుందో చూపించమంటే రాజీ కెమెరా వెనకవైపు తిప్పి చూపించింది. అక్కడ నల్లటి మూత తప్ప ఏమీ లేదు.

"స్క్రీన్ ఏది మేడం?" అన్నాడు పెళ్లికూతురి అన్న శివాజీ.

"ఉండదన్నా. ఇది రీలు కెమెరా. కడిగినంకనే కనవడ్తది. వారం పడ్తది."

శివాజీ ఆమెనూ, ఆమె చేతిలోని పాత కెమెరానూ మార్చి మార్చి చూశాడు. దంతాలపల్లి సెంటర్లో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. స్విచ్ వేశాక తిరిగితేనే దేన్నైనా నమ్మే మనిషి. కానీ చెల్లెలు విజయ, రాజీ ఇన్‌స్టాలో పెట్టిన బొగ్గుబాయి కార్మికుల ఫొటోలు చూసి మనసు పారేసుకుంది. పెళ్లి మొత్తం మానుకోట స్టూడియో వాళ్లు తీసినా సరే, ఇంటివాళ్లందరి ఫొటోలు మాత్రం రీలు మీదే కావాలంది. రీలంటే ఫోన్లో పెట్టే రీలనుకుని, డ్యాన్స్ ఎవరు చేస్తారని శివాజీ అమాయకంగా అడిగాడట. ఆ మాట చెప్పి విజయ నవ్వుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇంతలో వాన మొదలైంది. మగపెళ్లివారు జనగామ పోవాలని తొందరపెడుతున్నారు. రాజీ పందిరి కింద నిలబడే రీలు ఎక్కించింది. నాయనమ్మ నర్సమ్మను నడుమ కూర్చోబెట్టి, చుట్టూ అందరినీ నిలబెట్టి గబగబా తీసింది.

రీల్లో ఉండేవి ముప్పై ఆరు ఫొటోలు. అవి అయిపోయినా రీలును జరిపే లివర్ ఇంకా తిరుగుతూనే ఉంది. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఏదో తప్పు జరిగిందని రాజీకి అర్థమయ్యేసరికి పెళ్లివారు బండెక్కేశారు.

భూపాలపల్లిలో వాళ్లది కార్మికుల క్వార్టర్. అందులోని స్నానాల గదే ఆమె ల్యాబు. ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. మూడేళ్లుగా వీడియోలు చూస్తూ, చెడగొట్టుకుంటూ, మళ్లీ చేస్తూ నేర్చుకుంది. రెండు నెలల క్రితమే పాస్‌పోర్టు ఫొటోలు తీసే కొలువు మానేసి, ఇక దీనితోనే బతుకుతానని తండ్రికి చెప్పింది. ఇది ఆమె మొదటి పెళ్లి. జనగామలో మరో రెండు ఇళ్లవాళ్లు దంతాలపల్లి ఫొటోలు చూశాకే తమ పెళ్లిళ్ల మాట చెబుతామన్నారు.

మర్నాడు రీలు కడిగి పైకెత్తింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గాజులా తేటగా ఉంది. అందులో ఒక్క మనిషి లేడు. తొందరలో రీలు కొస లోపలి చక్రానికి తగులుకోలేదు. ఆమె నొక్కినన్ని సార్లూ అది ఉన్నచోటే ఉండిపోయింది.

బయటి ల్యాబుకిస్తే వాళ్లు పాడుచేశారని చెప్పేయమని స్నేహితురాలు అనిత సలహా ఇచ్చింది. ఎవరికి తెలుస్తుందంది. రాజీకీ ఆ దారే బాగుందనిపించింది. కానీ రెండు రోజులు అన్నం సయించలేదు. ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేది. అది శివాజీ ఫోనే. ఫొటోల సంగతి అడగడు. కెమెరాకు బ్యాటరీ ఉంటుందా, కడిగే మందు ఘాటుగా ఉంటుందా అని ఏవేవో అడుగుతాడు. ఒకసారి, తనను అన్నా అని పిలవడం మానేయకూడదా అని కూడా అడిగాడు. మరొకప్పుడైతే నవ్వేది. ఇప్పుడు ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటే ఆమెకు అంత భయంగా ఉంది.

ఆఖరికి తండ్రి పరశురాములుతో చెప్పుకుంది. ఆయన బొగ్గుబాయి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. మొహం తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"బాయిల మనతోని తప్పయితే, ఎన్కొచ్చే షిఫ్టోనికి చెప్పి పైకెక్కాలె బిడ్డా. చెప్పకపోతే దెబ్బ వానికి తలుగుతది."

తెల్లారి రాజీ బస్సెక్కింది. హన్మకొండలో మారి, తొర్రూరు దాటేసరికి వాన. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే ఉంది. షాపులో రాగితీగల మధ్య కూర్చున్న శివాజీ ఆమెను చూసి లేచి నిలబడగానే, అనుకున్నదంతా మరిచిపోయింది.

"రీలు ఖాళీ వచ్చింది. ల్యాబోళ్లది కాదు, నాదే తప్పు. ఎక్కించుడు సక్కగ ఎక్కియ్యలే."

శివాజీ చేతిలోని రాగితీగను బల్ల మీద పెట్టాడు. తిట్టినా బాగుండుననిపించింది రాజీకి.

"నేను మొదట చుట్టిన మోటారు మొగిలి కాకది," అన్నాడు. "తెల్లారే కాలిపోయింది. కరెంటు ఎక్కువొచ్చిందని చెప్పిన. ఆరేండ్లాయె, ఆయన ఎదురొస్తే ఇప్పటికీ పక్క సందుల పడి పోత. నువ్వు గింత దూరం వచ్చి చెప్పినవ్."

ఆ తర్వాత విజయకు తను చెప్పాలా, రాజీయే చెబుతుందా అని అడిగాడు. రాజీ ఫోను తీసుకుంది. అవతల విజయ ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీది, బతుకమ్మకు పుట్టింటికి వస్తాననీ, అందరం అవే బట్టలు కట్టుకుంటామనీ, ఈసారి మాత్రం తొందరపడొద్దనీ చెప్పింది.

బతుకమ్మ రోజు దంతాలపల్లిలో రాజీ రీలు ఎక్కించి, మూత వేసి, రీలు కదిలితే తిరగాల్సిన పక్క మర తిరుగుతోందో లేదో మూడుసార్లు చూసుకుంది. ఫొటో ఫొటోకీ మళ్లీ చూసుకుంది. అయినా భయం పోలేదు.

రెండో రోజు శివాజీ నర్సమ్మను వెంటబెట్టుకుని భూపాలపల్లిలో దిగాడు. ఫొటోల్లో మనుషులు కనపడేదాకా అవ్వ నమ్మనంటోందని పరశురాములుకు చెప్పాడు.

"నేనెప్పుడన్ననురా?" అంది నర్సమ్మ.

పెద్దవాళ్లిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. స్నానాల గది గుమ్మం దగ్గర శివాజీ నిలబడ్డాడు. రీలు ఉన్న డబ్బాలో మందు పోసి, ఒంపి, నీళ్లతో కడగడం అయింది. ఇక డబ్బా మూత తీయడమే మిగిలింది. రాజీ చెయ్యి కదల్లేదు.

"మళ్ల ఖాళీ వస్తే?"

"నిజం చెప్పాల్నా? బస్సుల ఒస్తుంటే ఖాళీ రావాల్ననే మొక్కుకున్న."

రాజీ గిరుక్కున తిరిగింది. "నా బతుకంత దీన్ల ఉన్నది. గదేం మొక్కు?"

"ఖాళీ వస్తే మళ్లొస్తవు గద. ఫొటోలు వస్తే నీకిగ మా ఊరితోని పనేముంటది?" అన్నాడు తల వంచుకుని. "తప్పే. గని గట్లనే మొక్కిన."

ఆమెకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని వెనకే నవ్వూ వచ్చింది. ఆ ఊపులోనే మూత తీసేసింది.

తడి రీలు మీద వరసగా మనుషులు. నల్లటి పళ్లతో నవ్వుతున్న విజయ, తెల్లటి కొంగు నల్లబడిన నర్సమ్మ; నెగెటివ్ కదా, తెలుపంతా నలుపై, నలుపంతా తెలుపై. రాజీ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. శివాజీ ఆ రీలును కాక ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

"గంత మొక్కుడెందుకురా? నోటితోని అడిగితె ఐపాయె," అంది నర్సమ్మ ముందుగదిలోంచి. ఆమెకు చెవులు బాగానే వినపడతాయి. తర్వాత పరశురాములు వైపు తిరిగి, తమ పిల్లగాడు మొండోడే గాని పని దొంగ కాదని, బిడ్డ మనసేమిటో కనుక్కోమని చెప్పింది.

పరశురాములు గుమ్మం దాకా వచ్చాడు. "ఏమంటవ్ బిడ్డా?"

రాజీ రీలును తీగకు తగిలించి, క్లిప్పు పెట్టి, తడిచేతులు చున్నీకి తుడుచుకుంది.

"ఆరేదాంక ఉండుమను నాయినా. అన్నం తిని పోతరు."

పరశురాములు ఇంకేమీ అడగలేదు. ఇంకో రెండు గిలాసల బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్లాడు.