మెమరీలో పంతొమ్మిది పేర్లు

1988 మార్చి. హనుమకొండ చౌరస్తాలో ఆటో దిగుతున్న మన గూఢచారి శాఖ ఆఫీసర్ జ్ఞానప్రకాశం ఛాతీలో రెండు తూటాలు దిగాయి. సైలెన్సర్ ఉండటంతో చప్పుడు ఎవరికీ వినపడలేదు. అతని బ్యాగులోని కాగితం మాయమైంది. సరిహద్దు అవతల పనిచేస్తున్న పంతొమ్మిది మంది మన ఏజెంట్ల అసలు పేర్లు అందులో ఉన్నాయి.

మూడో రోజు పొద్దున అతని తమ్ముడు, ఏజెంట్ ఏలియా, కరెంటు మెకానిక్ ఖాకీ చొక్కా వేసుకుని డిపార్ట్‌మెంట్ జీపులో కూర్చున్నాడు.

"అన్నను చంపినోడు క్రోల్, పరాయి దేశం గూఢచారి," అంది టెక్నికల్ ఆఫీసర్ చిలుకమ్మ. "పత్తి కొనేటోని వేషంల స్టేషన్ ముంగట లాడ్జిల దిగిండు. వెంట పోర్టబుల్ కంప్యూటర్ ఉంది. మన డబుల్ ఏజెంట్ వరలక్ష్మితోనే పేర్లు టైప్ చేయిస్తాండు. కాగితం కాలవెట్టిండట."

"పోయి కాల్చేస్త. వాణ్ణి, ఆ మిషన్‌ను."

"జర ఆగన్నా. టైప్ చేసినయి ఇప్పుడు మెమరీల ఉన్నయి. కరెంటు ఉన్నంతసేపే ఉంటయి. ఫ్లాపీ మీదికెక్కితే మాత్రం కరెంటు లేకున్నా పోవు. పన్నెండు గంటల రైలుకు ఆ ఫ్లాపీ పోతది."

"మరింక కాలిస్తే ఏంది?"

"లోపల హార్డ్ డిస్క్ ఉంటది. వాడు పైవాళ్లకు రాసిన ఉత్తరాలు దాంట్లనే ఉన్నయట. అన్న సావుకు సాక్ష్యం అదొక్కటే. దాని మీద తూటా పడొద్దు."

ఏలియా పిస్టల్‌ను పనిముట్ల సంచి అడుక్కి తోశాడు.

పదకొండు నలభై. లాడ్జి ఫ్యూజు పీకి, పన్నెండో నంబరు గది తలుపు తట్టాడు. పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో వరలక్ష్మి తలుపు తీసింది.

"పత్తి మార్కెట్ బందయిందా అమ్మా?"

"లేదు, తేమ ఎక్కువుందట."

కోడ్ కలిసింది. 'లేదు' అంటే పేర్లు ఇంకా ఫ్లాపీకి ఎక్కలేదని. ఏలియా లోపలికి అడుగేశాడు.

"ఫ్యూజు పోయిందా? నో ప్రాబ్లమ్," నవ్వాడు క్రోల్. అతని ముందు స్క్రీన్ వెలుగుతూనే ఉంది. "దీనికి బ్యాటరీ ఉంది. వరలక్ష్మీ, ఫ్లాపీ!"

ఆమె ఫ్లాపీని తిరగేసి తోసింది. అది ఇరుక్కుంది. క్రోల్ ఆమెను పక్కకు నెట్టి, సరిగా తిప్పి పెట్టి, కీ మీద వేలు ఆనించాడు.

ఏలియా చేయి సంచిలోని పిస్టల్‌ను తాకింది. క్రోల్ ఛాతీ నాలుగడుగుల దూరం. మధ్యలో మిషన్. అన్న చొక్కా మీది రెండు చిల్లులు కళ్ల ముందు మెదిలాయి. కాల్చాలని ఒళ్లంతా మండిపోయింది.

పిస్టల్ వదిలేశాడు. ఒక్క దూకుతో మిషన్ లాక్కుని, గొళ్లెం తిప్పి బ్యాటరీ ఊడబీకాడు. స్క్రీన్ నల్లబడింది. పంతొమ్మిది పేర్లూ పోయాయి.

క్రోల్ రివాల్వర్ తీశాడు. ఏలియా బ్యాటరీతోనే మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగింది. రివాల్వర్ కింద పడింది. రెండో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాడు.

"హూ ఆర్ యూ?"

"నువ్వు చంపినోని తమ్ముణ్ణి."

నొప్పిలోనూ క్రోల్ ఇకిలించాడు. "ప్రూఫ్ లేదు. ఉత్తరాలన్నీ నిన్ననే డిలీట్ చేశాను."

సాయంత్రం ఆఫీసులో చిలుకమ్మ ఆ హార్డ్ డిస్క్‌ను తన కంప్యూటర్‌కు తగిలించింది. "డిలీట్ కొడితే లిస్టుల పేరొక్కటే పోయింది. రాసింది డిస్క్ మీద అట్లనే ఉందన్నా."

తెర మీద ఉత్తరం తేలింది: 'జ్ఞానప్రకాశం పని ముగిసింది. రెండు తూటాలు సరిపోయాయి.'

ఏలియా ఆ ప్రింటవుట్ తీసుకెళ్లి లాకప్‌లో ఉన్న క్రోల్‌కు చదివి వినిపించాడు. ఆ మొహం పాలిపోయేదాకా మళ్లీ మళ్లీ చదివాడు. "నీకు ఉరి పడే రోజు కోర్టుల ముందు వరుసల కూసుంట," అని బయటికొచ్చాడు.

చిలుకమ్మ ఎదురొచ్చింది. "ఉత్తరం కింద వాని పేరు గుడ టైప్ కొట్టిండు, చూసినవా అన్నా? మర్యాద తెలిసినోడే!"