మా ఇంటి లెక్కలో ఐదు

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. ఆయనకి కళ్ల మీద నమ్మకం లేదు, చెవుల మీదే నమ్మకం. ఒకసారి ఎవరో పాప వెనక సీటు కింద దూరి నిద్రపోతే, ఈయన తలలు లెక్కపెట్టి, సరిపోయాయనుకుని, బస్సు షెడ్డులో పెట్టేసి వచ్చేశాడు. అరగంటకి ఆ పాప దొరికింది. కళ్లు నులుముకుంటూ దిగింది, ఏమీ కాలేదు. ఈయనకి మాత్రం ఆ అరగంట ఒంట్లోంచి పోలేదు. అప్పట్నుంచి బస్సులో ఎవరి నంబరు వాళ్లే గొంతెత్తి చెప్పాలి. చెప్పకపోతే బండి కదలదు.

ఆ జబ్బు ఇంటికీ తెచ్చాడు. బజారుకెళ్లినా, రైలెక్కినా "లెక్క!" అంటాడు. ఒకటి ఆయన. రెండు నేను. మూడు మా పెద్దది. పన్నెండేళ్లు, ప్రతిదానికీ రుజువు అడుగుతుంది కనక దాన్ని లాయరమ్మ అంటాం. నాలుగు చిన్నది. ఆరేళ్లు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని బఠాణీ అన్నాం, అదే పేరైపోయింది. నలుగురున్న ఇంటికి హాజరు పట్టీ ఏమిటని నేను వెక్కిరించని రోజు లేదు.

"నలుగుర్ని చూసుకోలేని కళ్లతో రోడ్డెలా చూస్తున్నారు మహానుభావా?" అనేదాన్ని.

నా నోరు అలాంటిది. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. నా కత్తెర కంటే నా నాలుకే పదునని, నా దగ్గర బేరమాడేవాళ్లు కూడా నెమ్మదిగా ఆడతారు.

ఆ ఏడు స్కూలు వాళ్లు డ్రైవర్లందరికీ థీమ్ పార్కు పాసులిచ్చారు. హాలోవీన్ పార్టీ. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా. పిల్లలు వేషాలు వేసుకుని రావాలి. లాయరమ్మ తనకి అలాంటివి నచ్చవని తేల్చేసింది. బఠాణీని ఏ వేషం కావాలే అనడిగితే, "బఠాణీ వేషం" అంది. సరే అనుకుని, మిగిలిపోయిన ఆకుపచ్చ లైనింగు గుడ్డతో గుండ్రంగా గౌను కుట్టి, లోపల దూది కూరాను. అది నడుస్తుంటే గరగరమని చప్పుడు. పార్కులో ఎక్కడ చూసినా కోరలు, పుర్రెలు, రక్తం కారే నుదుళ్లు. వాటి మధ్య మా పిల్ల ఆకుపచ్చగా దొర్లుతోంది. ఫోటోలు తీసుకుంటామని జనం ఆపుతుంటే దాని గర్వం చెప్పనలవి కాదు.

రంగుల రాట్నం అయింది. పడవ ఊయల అయింది, మా ఆయన ముఖం పాలిపోయింది. చీకటి పడుతుండగా చివరి దాని ముందు నిలబడ్డాం. దాని పేరు పాడుబడ్డ ఆసుపత్రి. లోపలికి ఒకటీ బయటికి ఒకటీ, పక్కపక్కనే రెండు గుమ్మాలు; మధ్యలో మంత్రగత్తె టోపీ పెట్టుకున్న అమ్మాయి, చేతిలో చిన్న లెక్క మీట. లోపలికి వెళ్లేవాళ్లకి ఒక నొక్కు, బయటికి వచ్చేవాళ్లకి ఒక నొక్కు. మమ్మల్ని చూసి టక్, టక్, టక్, టక్ అని నొక్కింది.

"చూశావా, వాళ్లూ లెక్కపెడుతున్నారు," అన్నాడు మా ఆయన, గెలిచినట్టు.

"ఆ అమ్మాయికి జీతమిస్తారు. మీకెవరిస్తున్నారు?" అన్నాను.

లోపల కొత్త రంగు వాసన. పొగ యంత్రం నుంచి వచ్చే తియ్యటి వాసన, మాడిన పంచదారలాగా. కాళ్ల కింద తివాచీ తడిగా ఉంది. ఎక్కడో స్పీకరులో ఒక నవ్వు, అయిపోగానే చిన్న టిక్కు, మళ్లీ అదే నవ్వు. మొదటి గదిలో చక్రాల కుర్చీలు వాటంతటవే కదులుతున్నాయి. రెండో గదిలో అస్థిపంజరం వేషగాడు మాస్కు నుదుటి మీదికి తోసుకుని చిప్స్ తింటున్నాడు. మమ్మల్ని చూసి గబుక్కున మాస్కు దించి, నోటినిండా చిప్స్‌తో "హూ" అన్నాడు.

"ముందు మింగు నాయనా. తరవాత భయపెడుదువుగాని," అన్నాను.

లాయరమ్మ పగలబడి నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మేం నలుగురం కలిసి నవ్విన చివరి నవ్వు అదే.

మూడో గదిలో దీపం లేదు. గోడ వెంట తాడు కట్టి ఉంది, అది పట్టుకుని నడవాలి. ముందు మా ఆయన. ఆయన భుజం మీద నా చెయ్యి. నా కొంగు పట్టుకుని లాయరమ్మ. దాని వెనక బఠాణీ, గరగరమంటూ. కళ్లు తెరిచినా మూసినా ఒకటే నలుపు. ఆ స్పీకరు నవ్వు కూడా ఇక్కడిదాకా రాలేదు. మా ఊపిరి మాకే వినబడుతోంది.

"లెక్క!" అన్నాడు మా ఆయన. "ఒకటి."

"రెండు," అన్నాను విసుగ్గా.

"మూడు."

"నాలుగూ..." అంది బఠాణీ, రాగం తీసి.

"ఐదు."

మా ఆయన నవ్వాడు. "చాల్లే, పిల్లల్ని హడలగొట్టకు."

"నేనేమన్నాను?"

"ఐదు అన్నావుగా!"

"నేను రెండే అన్నాను."

"అమ్మా, అది నీ గొంతే," అంది లాయరమ్మ. దాని గొంతులో రుజువు అడిగే ధాటి లేదు.

అది నా గొంతే. నాకూ తెలుసు. నేను విసుక్కుంటే మాట చివర చిన్న విరుపు ఉంటుంది. ఆ విరుపుతో సహా, బఠాణీ వెనక నుంచి వచ్చింది. నేనేమో ముందున్నాను.

"రికార్డు చేసి వినిపిస్తారేమో. ఈ రోజుల్లో ఏమైనా చేస్తారు," అన్నాడు మా ఆయన. ఆయన భుజం బిగుసుకోవడం నా చేతికి తెలిసింది. "నడవండి."

నడిచాం. నాలుగో గది ఇరుకు దారి. రబ్బరు పట్టీలు వేలాడుతున్నాయి, చల్లగా, ముఖానికి తగులుతూ. వాటిని తోసుకుంటూ వెళుతుంటే ఏ చెయ్యి ఎవరిదో తెలియడం లేదు. చివర తలుపు సందులోంచి వెలుతురు గీతలా కనిపించింది. అక్కడ ఆగి మా ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి గొంతు తగ్గించి.

"లెక్క... ఒకటి."

"రెండు."

"మూడు."

ఒక్క క్షణం...

"నాలుగూ..."

అందరం చెవులు రిక్కించాం. ఐదు రాలేదు. ఎంత హాయిగా ఊపిరి వదిలామో! మా ఆయన తలుపు తోశాడు.

బయట దీపాలు, పాటలు, జనం. నేను వెనక్కి తిరిగాను. లాయరమ్మ ఉంది. దాని వెనక తలుపు తనంతట తనే మూసుకుంటోంది.

"బఠాణీ ఏదే?"

లాయరమ్మ తన వెనక్కి చూసుకుంది.

అప్పుడు తట్టింది నాకు. నాలుగో గదిలో ఆ గరగర లేదు. ఆ ఇరుకు దారంతా... లేదు. లెక్క సరిపోయిందన్న సంతోషంలో ఆ సంగతే పట్టించుకోలేదు.

మంత్రగత్తె టోపీ అమ్మాయి మీదికి వెళ్లాను. "నా బిడ్డ లోపల ఉండిపోయింది. దీపాలు వెయ్యి!"

"నలుగురు వెళ్లారు, నలుగురు వచ్చారండీ," అంది, మీట చూపించి. "ఇప్పుడే కదా నొక్కాను."

"ముగ్గురమే వచ్చాం! కళ్లున్నాయా నీకు?"

"ముగ్గురూ, మీ వెనకాలే ఆవిడ. అచ్చం మీలాగే ఉంది, మీ అక్కో చెల్లో అనుకున్నా. నా వైపు చూడను కూడా చూడలేదు. గేటు దాటి వెళ్లిపోయింది, ఇంటికి తొందరగా వెళ్లాలన్నట్టు."

నేను ఇక వినలేదు. ఆ అమ్మాయిని పక్కకి నెట్టి వచ్చిన దారినే లోపలికి పరుగెత్తాను. మా ఆయన పిలుస్తున్నాడు. ఎవరో అరిచి దీపాలు వేయించారు. వెలుతురులో ఆ గదులు ఎంత నాసిగా ఉన్నాయో! థర్మోకోల్ గోడలు, పెచ్చులూడిన రంగు, వైర్లకి కట్టిన ఫ్యాన్లు. భయపడాల్సిందేమీ లేదు అక్కడ. ఉన్న ఒక్క భయం నాదే. "బఠాణీ! ఒసేయ్ బఠాణీ!" అని నా గొంతు చిరిగిపోయేలా అరుస్తున్నాను, జవాబు లేదు.

మూడో గదిలో, మూల, కూర్చుని ఉంది. ఆకుపచ్చ గౌను చుట్టూ పరుచుకుని. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. నన్ను చూసినా చేతులు తియ్యలేదు.

ఒళ్లోకి లాక్కున్నాను. "పిలుస్తుంటే పలకవేమే?"

ముందు నా ముఖం బాగా చూసింది. తరవాత వేళ్ల సందులోంచి, గుసగుసగా అంది.

"నువ్వే కదమ్మా చెప్పావు... ఇక్కడే కూర్చో, పలక్కు, ఈసారి నాలుగు నేనంటానని."

మేనేజరుతో ఎంత పోట్లాడానో చెప్పను. ఆయన మాత్రం ఒకటే మాట. తమ స్పీకర్లలో నవ్వులూ అరుపులూ తప్ప మాటలుండవట. మూడో గదిలో అసలు స్పీకరే లేదట.

ఇంటికొచ్చాం. వేసిన తాళం వేసినట్టే ఉంది. ఏ గదిలోనూ ఏమీ లేదు. అయినా ఆ వేళే బఠాణీకి ఒక గుర్తు చెప్పాను.

"ఎవరైనా నీ చెవిలో గుసగుసగా చెబితే అది అమ్మ కాదు. నాలాగే మాట్లాడినా కాదు. నీ అమ్మ చెప్పేది ఏదైనా అరిచే చెబుతుంది. తెలిసిందా?"

"నువ్వెప్పుడూ అరుస్తావుగా."

"అదే గుర్తు."

గుర్తు బాగానే పనిచేసింది. మూడు వారాలు నేను ఇంట్లో నెమ్మదిగా ఒక్క మాట అనలేదు. నిద్రపొమ్మని కూడా అరిచే చెప్పాను. లాయరమ్మ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగింది. బఠాణీ మాత్రం నేను అరిచినప్పుడల్లా హాయిగా నవ్వేది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం. ముందు గదిలో మిషను దగ్గర ఉన్నాను. ఒక లంగా అంచు మడిచి, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుచ్చుతున్నాను. మిషను అవతల, బట్టల గుట్ట వెనక, బఠాణీ నేల మీద కూర్చుని గుడ్డముక్కలతో ఆడుకుంటోంది. నేను దానికి కనబడను.

లోపలి గదిలోంచి వినబడింది.

"ఒసేయ్ బఠాణీ! ఎక్కడ చచ్చావే! రా ఇలా!"

గట్టిగా. ఇల్లు అదిరేలా. నా గొంతు, నా తిట్టు, చివర నా విరుపు.

"వస్తున్నానమ్మా!" అంది బఠాణీ. లేచి పరుగెత్తింది. నమ్మకంగా. నేను నేర్పిన గుర్తు ప్రకారమే.

నా నోట్లో ఆరు సూదులున్నాయి. అరవబోయాను, ఒకటి పెదవిలో దిగింది. నెత్తురుతో సహా ఉమ్మేసి, మిషను మీంచి దూకి, గుమ్మం దగ్గర దాని గౌను మెడ దొరకబుచ్చుకున్నాను. దాని ఒక కాలు అప్పటికే గదిలో ఉంది.

గదిలో ఎవరూ లేరు. మడత మంచం, బీరువా, కిటికీ. మాడిన పంచదార వాసన.

బఠాణీ నన్ను చూసింది, గదిలోకి చూసింది, మళ్లీ నన్ను చూసింది. "అరిచావుగా!" అంది, ఏడుపు గొంతుతో. తప్పు తనది కాదన్నట్టు. దానిది కాదు కూడా.

ఆ పూట అందర్నీ కూర్చోబెట్టి చివరిసారి మాట్లాడాను. ఇకమీదట అమ్మ నోరు విప్పదు. గుసగుస లేదు, అరుపూ లేదు. ఈ ఇంట్లో అమ్మ గొంతు ఎప్పుడు వినిపించినా అది అమ్మ కాదు. పలకొద్దు. నాన్న దగ్గరికో అక్క దగ్గరికో పరుగెత్తాలి.

ఈ రోజుకి పదకొండు రోజులు. ఏం కావాలన్నా పలక మీద రాస్తున్నాను. కొలతలిచ్చేవాళ్లకి గొంతు పోయిందని లాయరమ్మ చెబుతోంది. మొదటిరోజు మా ఆయన "లెక్క" అన్నప్పుడు నేను రెండు అనే బదులు రెండు చప్పట్లు కొట్టాను. ఆ తరవాత ఆయన లెక్క అడగడం మానేశాడు. ఇంట్లో ఏమీ వినబడటం లేదు. ఈ మౌనానికి అది ఓడిపోయిందనే అనుకున్నాం. మొన్న మా ఆయన నవ్వి, ముందే తెలిస్తే పదేళ్ల క్రితమే ఆ ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ని అన్నాడు. పలక విసిరాను. మళ్లీ మామూలు మనుషులమవుతున్నాం అనిపించింది.

ఇవాళ పొద్దున పక్కింటావిడ మా ఆయన్ని మెట్ల మీద ఆపిందట. ఆవిడకీ మాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆవిడ అన్నది ఆయన నాకు చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. మీ ఆవిడ నోరు పది రోజులుగా మరీ ఎక్కువైపోయింది. పొద్దస్తమానం ఆ చంటిదాన్ని పిలుస్తూనే ఉంటుంది, రావే రావే అని. పాపం ఆ పిల్ల ఒక్కసారీ పలికేది కాదు. నిన్న మాత్రం పలికింది లెండి."